ణతో మొదలయ్యే పేరు

మా బాబు ఇరవై నిమిషాలు ముందు పుట్టి ఉంటే షణ్ముఖుడయ్యేవాడు. ఆలస్యం చేశాడు కాబట్టి ణ వచ్చింది. పంతులుగారు ఫోన్లో చెప్పినప్పుడు నాకు న అని వినిపించి సంతోషపడ్డాను. నతో పేర్లకి కొదవా? "న కాదమ్మా, ణ. వీణలో ణ, బాణంలో ణ" అని ఆయన రెండుసార్లు ఒత్తి పలికాక గానీ సంగతి బుర్రకెక్కలేదు.

వైశాఖ శుద్ధ ఏకాదశి, మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలు, హస్తా నక్షత్రం. నక్షత్రాలు 27, ఒక్కోదానికి 4 పాదాలు, వెరసి 108. పాదానికో అక్షరం. చంద్రుడు ఒక నక్షత్రం దాటడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది కాబట్టి ఒక్కో పాదం ఆరు గంటలు అటూ ఇటూగా ఉంటుంది. హస్తకి వరసగా పూ, ష, ణ, ఠ. ఆ రోజు ష మధ్యాహ్నం 1.50కి అయిపోయిందట. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న అత్తయ్య మాత్రం బాబు ఏడుపు తనకి రెండు గంటలకి ముందే వినిపించిందంటుంది. ఆవిడ చేతికి వాచీ లేదు, చేతిలో ఫోనూ లేదు. అయినా ఇప్పటికీ ఆ మాట మీదే ఉంది.

మాది తెనాలి. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని అమ్మ పట్టు. మొదటి నుంచీ చూస్తున్న డాక్టరమ్మని మార్చడం ఇష్టం లేక నేను విశాఖలోనే ఉండిపోయాను. చివరికి అమ్మే పెట్టె సర్దుకుని సీతమ్మధారలో మా అద్దె ఇంటికి వచ్చింది. అత్తయ్య, మావయ్య అడవివరంలో ఉంటారు, సింహాచలం కొండ కిందే. ఈ ఊళ్ళ సంగతి ఎందుకు చెబుతున్నానంటే మా ఇంట్లో గొడవంతా ఆ రెండు కొసల మధ్యే జరిగింది.

మొదటి రాత్రి బాబు పడుకున్నాక ఫోన్లో ణతో మగపిల్లల పేర్లు వెతికాను. ఒకచోట దొరికాయి. ణవీన్, ణరేష్, ణాగార్జున. న తీసేసి ణ పెట్టారంతే. మందుల మత్తులో ఉన్నదాన్ని కూడా నవ్వాను, కుట్లు లాగాయి. తెలుగులో ణతో మొదలయ్యే మాట లేదు. బడిలో అక్షరాలు నేర్పేటప్పుడు కూడా ణ దగ్గర వీణ బొమ్మే వేస్తారు, ఆ ణ చివర్లో ఉంటుంది. మా ఆయన తెల్లారి కాఫీ తాగుతూ చాలాసేపు ఆలోచించి, "షణ్ముఖలో ణ ఉంది కదా. మొదట్లో లేకపోతేనేం, పక్కనే ఉంది" అన్నాడు. ఈ తెలివి పంతులుగారికి ఫోన్ చేసి కూడా చెప్పాడు. ఆయన నవ్వి, "ఆర్ద్ర మూడో పాదంలో పుడితే ఙ వస్తుంది బాబూ. వాళ్ళకంటే మీరు నయం" అన్నారు.

ఆయన దగ్గర దానికి దారి ఉంది. ఙ, ఞ, ణ పేరు మొదట్లో రావు కాబట్టి వాటి బదులు వరసగా గ, జ, డ తీసుకోమని శాస్త్రంలోనే ఉందట. అంటే మాకు డ. డమరుకం పట్టినవాడు శివుడు, ఆ పేర్లేవైనా చూసుకోమన్నారు. అమ్మ వెంటనే, "బడిలో డబ్బా అంటారు" అంది. డ అక్కడితో ఆగిపోయింది.

ఇంతలో హైదరాబాదు నుంచి మా ఆడపడుచు జాబితా పంపింది. రెండు వందల పేర్లు. అయాన్ష్, రియాన్ష్, వియాన్, కియాన్, దాదాపు అన్నీ చివర న్ గానీ ష్ గానీ. పక్కనే అర్థాలు కూడా ఉన్నాయి, సూర్యకిరణం అనీ, విష్ణువు అంశ అనీ. రియాన్ష్‌లో విష్ణువు ఎక్కడున్నాడో నిఘంటువులో వెతికాను, కనపడలేదు. మావయ్యకి మాత్రం అర్థాలతో పని లేదు. ఆయన పరీక్ష వేరు. ఎంత దూరంగా ఆడుకుంటున్న పిల్లాడైనా పిలిస్తే వినపడాలి. మేడ మీదికెక్కి వీధిలోకి చూస్తూ "వియాన్" అని కేకేశారు. గొంతు న్ దగ్గర టక్కున ఆగిపోయింది. రెండోసారి "వియానూ... ఒరే వియానూ..." అన్నారు. అది సాగింది. మన మాటలన్నీ అచ్చుతో ముగుస్తాయి కాబట్టి హల్లుతో ఆగిన పేరుకి మన నోరు ఊరుకోదు, ఓ తోక తగిలిస్తుంది. మా ఆయన పేరు రమేష్. అడవివరంలో ఎవరూ ఆయన్ని రమేష్ అనగా నేను వినలేదు, రమేషూ అనే.

ఐదో రోజు అత్తయ్య బాలింత కాయం పట్టుకుని వచ్చింది. మా ముగ్గురి మొహాలూ, మంచం నిండా కాగితాలూ చూసింది.

"పేరు కోసం ఇంత ఎతుకులాటేటమ్మా? నానెప్పుడో అనీసుకున్నాను."

"ఏం పేరత్తయ్యా?"

"పెద్దాయన పేరు."

"ఏ పెద్దాయన?"

"మీ మావయ్యోల నాన్న."

ఆయన నేను కాపురానికి రాకముందే పోయారు. పేరేంటని అడిగాను. అత్తయ్య కొంగు సర్దుకుని కొడుకు వైపు తిరిగి, "నువ్ సెప్పరా" అంది. మా ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండా "అప్పన్న" అన్నాడు.

పెళ్ళయిన నాలుగేళ్ళకి కూడా పిల్లలు లేకపోతే అత్తయ్య మా ఇద్దర్నీ కొండ మీదికి తీసుకెళ్ళి కప్పస్తంభాన్ని కౌగిలించుకోమంది. ఆ స్తంభాన్ని కౌగిలించుకుని మనసులో కోరుకుంటే సంతానం కలుగుతుందని ఇక్కడ నమ్మకం. ఆ రోజు ఆవిడ కూడా కళ్ళు మూసుకుని ఏదో మొక్కింది. కోడెదూడని ఇస్తానని మొక్కి ఉంటుందనుకున్నాం, సింహాచలానికి అది మామూలు మొక్కే. కాదు. మగపిల్లాడు పుడితే సామి పేరు పెడతానని మొక్కిందట. సామి పేరూ మామగారి పేరూ ఒకటే కాబట్టి ఒక్క పేరుతో రెండు రుణాలూ తీరిపోతాయని ఆవిడ లెక్క.

అక్కడే ఉంది చిక్కు. ఆ పేరు ఆవిడ నోటితో అనదు. కోడలు మామగారి పేరు పలకకూడదు. అందుకే సింహాద్రి అప్పన్నని కూడా "కొండ మీది సామి" అంటుంది, లేకపోతే "సింహాద్రినాథుడు". వాళ్ళ వీధిలో కూరగాయల బండి అతని పేరు అప్పారావు. అందులో అప్ప ఉంది కాబట్టి అతను "వంకాయలాయన". ఇవన్నీ ఇన్నేళ్ళూ నేను గమనించలేదు. ఏదో మాట తీరు అనుకున్నాను.

నాకు ఆ పేరు నచ్చలేదు. దాచుకోవడమెందుకు, మొహంలో కనిపించే ఉంటుంది. తెనాలి నుంచి చదువుకోడానికి విశాఖ వచ్చిన మొదటి వారంలో మా క్లాసు హాజరు పట్టీలో సింహాచలం అనే పేరు రెండుసార్లు వచ్చింది. ఒకసారి అబ్బాయి లేచాడు, ఒకసారి అమ్మాయి లేచింది. కొండ పేరు మనుషులకి పెట్టడమేంటి, అదీ ఆడా మగా తేడా లేకుండా అని నేనూ నా పక్కనున్న అమ్మాయీ బల్ల కింద తల పెట్టి నవ్వాం. సింహాచలం అనే ఆ అమ్మాయి వెనక బెంచీలోనే ఉంది. తర్వాత నాకు మంచి స్నేహితురాలైంది గానీ, ఆ నవ్వు సంగతి మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు.

మా ఆయన కూడా ఆ పేరు దాచుకున్నవాడే. పదో తరగతి సర్టిఫికెట్లో ఆయన పేరు అప్పల రమేష్. ఇంటర్‌కి విజయవాడ హాస్టల్‌కి వెళ్ళినప్పుడు మిగతావాళ్ళు "అప్పలం, అప్పలం" అని ఏడిపించారట. అప్పటి నుంచి అప్పల పొట్టి అక్షరమైపోయింది, ఎ. రమేష్. పాస్‌పోర్ట్ దగ్గర పొట్టి అక్షరాలు ఒప్పుకోరు, పేరంతా విప్పి రాయాలి. దాంతో అప్పల మళ్ళీ బయటికొచ్చింది. బెంగళూరులో ఆఫీసువాళ్ళకి మొదట కనిపించిన ముక్క అదే కాబట్టి ఇప్పుడాయన వాళ్ళకి "అప్పలా". ఇరవై ఏళ్ళు దాచింది రెండు రోజుల్లో బయటపడింది.

ఆ రాత్రి మావయ్య బాబుని ఒళ్ళో వేసుకుని చాలాసేపు మాట్లాడారు. నేను అడిగింది ఒక్కటే, ఇక్కడి పేర్లు ఎందుకిలా ఉంటాయని. ఆయన తన చిన్నప్పటి బడి నుంచి మొదలుపెట్టారు. క్లాసులో ఎవడి పేరు వింటే వాడి ఇంటివాళ్ళు ఏ గుడికి మొక్కారో తెలిసిపోయేదట. అప్పన్న, అప్పారావు, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలస్వామి, సింహాద్రి, నరసింగరావు, వీళ్ళంతా కొండ మీది సామి పిల్లలు. పైడిరాజు, పైడయ్య అంటే విజయనగరం పైడితల్లమ్మ. నూకరాజు, నూకయ్య అంటే అనకాపల్లి నూకాంబిక. కనకరాజు, కనకారావు అంటే బురుజుపేట కనకమహాలక్ష్మి. పోలరాజు అంటే పెదవాల్తేరు పోలమాంబ. శ్రీకాకుళం వైపు వెళ్తే కూర్మారావు అంటే శ్రీకూర్మం, ముఖలింగం అంటే శ్రీముఖలింగం, సూర్యనారాయణ అంటే అరసవల్లి. పిన్‌కోడ్ ఎందుకు, పేరు చాలనిపించింది నాకు. మా అపార్ట్‌మెంట్‌లో ఆరుగురు పిల్లలున్నారు. వాళ్ళ పేర్లు వింటే వాళ్ళది విశాఖో పూణేయో చెప్పలేం.

అక్కడితో ఆగలేదు ఆయన. తవిటినాయుడు, తవిటయ్య పేర్లు ఎలా వచ్చాయో తెలుసా అన్నారు. పుట్టిన పిల్లలు పుట్టినట్టు పోతుంటే, ఆ తర్వాత పుట్టినవాణ్ణి పొరుగింటావిడకి గుప్పెడు తవుడుకి అమ్మినట్టు చేసి మళ్ళీ తెచ్చుకునేవాళ్ళు. తవుడు పాటి చేయని పిల్లాణ్ణి మృత్యువు మాత్రం ఎందుకు పట్టుకుపోతుందని. పెంటయ్య అయితే పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఎత్తుకొచ్చినవాడు. పుల్లయ్య ఎంగిలి విస్తరిలో దొర్లించినవాడు. పిచ్చయ్యదీ అదే కథ. మావయ్యకి ఒక అన్న ఉన్నాడు, తవిటయ్య. ఆయనకి ముందు ముగ్గురు పోయారట. ఆ ముగ్గురికీ మంచి పేర్లే పెట్టారు, అన్నారు మావయ్య. ఇంకేమీ అనలేదు. బాబు ఆయన బొటనవేలు పట్టుకుని నిద్రపోయాడు.

అంతా విన్న అమ్మ మర్నాడు వంటింట్లో నన్ను పట్టుకుంది. "మీ నాన్న పేరేంటే?" అంది. కోటేశ్వరరావు. "ఎలా వచ్చింది?" మా నాయనమ్మ కోటప్పకొండ తిరునాళ్ళకి ప్రభ కట్టిస్తానని మొక్కుకుంటే పుట్టాడు కాబట్టి. గుంటూరు వైపు ఏ వీధిలో కేకేసినా ఒక కోటేశ్వరరావు పలుకుతాడు. "మరి అది కొండ పేరు కాదా? ఈశ్వరుడూ రావూ తగిలించేసరికి మనకి నవ్వు రాలేదు" అంది. అమ్మ ఏడో తరగతి వరకే చదువుకుంది. నాకు జవాబు దొరకలేదు.

అయినా ఒట్టి అప్పన్న అని రిజిస్టర్‌లో రాయించడానికి నాకు చెయ్యి రాలేదు. మా ఆయనకి అంతకంటే రాలేదు. అత్తయ్య అలగలేదు, ఏమీ అనలేదు. కాయం కలిపి పెట్టి, బాబుకి నలుగు పెట్టి సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోయింది. అలిగినా బాగుండేది.

ముడి విప్పినవాళ్ళు మా వీధి చివర ఉండే సంస్కృతం మాస్టారు. రిటైరయ్యారు, సాయంత్రాలు అరుగు మీద పేపరు చదువుతుంటారు. మా ఆయన పాలప్యాకెట్ కోసం వెళ్ళి ణ సంగతి చెప్పాడట. అరగంటకి మాస్టారే ఇంటికి వచ్చారు, అంత సరదా వేసింది ఆయనకి. పురిటి గది గుమ్మం బయట కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

"ణతో ఎవరు మొదలవ్వరన్నారు? నమస్కారం చేస్తారా మీరు?" అన్నారు. చేస్తామన్నాం. "ఆ ధాతువు పాణిని రాసేటప్పుడు ణమ. న కాదు, ణ. ధాతువు మొదట్లో ఉన్న ణ మాటగా మారేటప్పుడు న అయిపోతుందని ఆయనే సూత్రం పెట్టాడు. అందుకే నమస్కారం అంటున్నాం. కానీ ముందు ప్ర చేర్చండి. ప్రణామం. చూశారా, దాక్కున్న ణ బయటికొచ్చింది. కాబట్టి మీవాడిది ణ అయితే నతో హాయిగా పెట్టుకోండి. రెండూ ఒక ఇంటివే."

పంతులుగారి డ, మాస్టారి న, ఏది ఒప్పో తేల్చే చదువు నాకు లేదు. నాకు నమస్కారం నచ్చింది.

మాస్టారు ఇంకా చెప్పారు. మగపిల్లాడి పేరులో రెండు గానీ నాలుగు గానీ అక్షరాలుండాలనీ, గ, ద, బ, న లాంటి నాదం ఉన్న హల్లుతో మొదలవ్వాలనీ, మధ్యలో య, ర, ల, వల్లో ఒకటి రావాలనీ గృహ్యసూత్రాల్లో ఉందట. మేం వెంటనే ఇంట్లో అందరి పేర్లూ లెక్కపెట్టడం మొదలెట్టాం. రమేశ మూడు అక్షరాలు, తప్పాడు. కోటేశ్వరరావు మొదటి అక్షరం దగ్గరే తప్పాడు. అప్పన్న అచ్చుతో మొదలవుతుంది, పైగా మూడు అక్షరాలు, అన్ని రకాలా తప్పాడు. ఫోన్లో స్పీకరు పెట్టి ఇది అత్తయ్యకి చెబితే, "ఆ సూత్రాలు రాసినాయన మా కొండెక్కాడేటి?" అంది. మాస్టారు గట్టిగా నవ్వి, ఎక్కి ఉండడని ఒప్పుకున్నారు.

తర్వాత ఆయనే అడిగారు. "కొండ మీద ఉన్నది వరాహ లక్ష్మీనరసింహస్వామి కదా. ఇప్పుడున్న గుడి కట్టించిన తూర్పు గాంగరాజు పేరు కూడా నరసింహదేవుడే, 13వ శతాబ్దం. మీకు నరసింహం పాతగా ఉంటే నరహరి అనండి. మనిషీ సింహమూ, అర్థం అదే. న, ర, హ, రి. నాలుగక్షరాలు, నాదంతో మొదలు, మధ్యలో ర."

మా ఆయన మేడ మెట్ల మీద నిలబడి "నరహరీ..." అని కేకేశాడు. ఎక్కడా తెగలేదు. మావయ్య పరీక్ష నెగ్గింది. అయితే అత్తయ్య మొక్కు సగమే తీరింది, సామి వచ్చాడు, పెద్దాయన రాలేదు. ఆ ముక్క చెప్పింది మావయ్యే. "అప్పల నరసయ్య లేడేటి, అప్పల నరసింహం లేడేటి? అప్పల నరహరి ఎందుకుండకూడదు?" అన్నారు ఫోన్లో. మా ఆయన నా మొహం చూశాడు. నేను ఆయన మొహం చూశాను. ఎ. రమేష్ ఏమంటాడోనని నాకు భయం. కొంచెంసేపు గోడకేసి చూసి, "పొట్టి అక్షరం చెయ్యకపోతే పెడదాం" అన్నాడు.

ఇరవై ఒకటో రోజు బారసాల అడవివరంలో చేశాం. జ్యేష్ఠం వచ్చేసింది, ఉక్కపోతకి ఫ్యానుగాలి కూడా వేడిగానే ఉంది. పెరట్లో ఇప్పటికీ నుయ్యి ఉంది కాబట్టి నా చేత పసుపూ కుంకుమా పెట్టించి చేద వేయించారు. సీతమ్మధారలో అయితే కుళాయికి పెట్టాల్సి వచ్చేది, అలా పెట్టినవాళ్ళని చూశాను కూడా. ఆడపడుచు హైదరాబాదు నుంచి వచ్చి మేనత్తగా మొలతాడు కట్టింది. జాబితా గురించి ఎవరూ ఎత్తలేదు.

వెండిపళ్ళెంలో బియ్యం పోసి, మా ఆయన చేత పెళ్ళినాటి ఉంగరంతో మూడు పేర్లు రాయించారు పంతులుగారు. మొదటిది మాస నామం. మార్గశిరం కృష్ణ, పుష్యం అనంత, మాఘం అచ్యుత, ఫాల్గుణం చక్రి, చైత్రం వైకుంఠ, ఇలా నెలకి ఒక విష్ణునామం ఉంటుంది. వైశాఖానికి జనార్దన. అది మనం ఎంచుకునేది కాదు, పుట్టిన నెలతో వచ్చేదే. రెండోది నక్షత్ర నామం. దాన్ని తల్లిదండ్రులు తప్ప ఎవరూ పిలవకూడదు, గుట్టుగా ఉంచాలన్నారు, అందుకే ఇక్కడ రాయను. ణ బాధ్యత అంతా ఆ పేరే మోసింది. మూడోది లోకం పిలిచే పేరు, దానికి అక్షరం పట్టింపు లేదట. ఈ ముక్క పంతులుగారు మొదటి రోజే చెప్పారని మా ఆయన అంటాడు. నేను వినలేదు. విని ఉంటే మూడు వారాల టెన్షన్ తప్పేది, కానీ మాస్టారి ప్రణామం కూడా తప్పిపోయేది.

అప్పల నరహరి అని రాస్తుంటే మా ఆయనకి అప్పల దగ్గర ఉంగరం జారి బియ్యంలో పడింది. వెతుక్కుని మళ్ళీ రాశాడు. బాబు కుడిచెవిలో మూడుసార్లు చెప్పాడు. తర్వాత ఉయ్యాల్లో వేసి, పెద్దవాళ్ళంతా వరసగా వచ్చి ఒక్కసారి పేరు పెట్టి పిలవమన్నారు పంతులుగారు. మావయ్య వచ్చి అప్పల నరహరీ అన్నారు, తండ్రి పేరు కలిసేసరికి గొంతు కొంచెం పట్టేసింది. అమ్మ పిలిచింది. మేనత్త పిలిచింది. అత్తయ్య వంతు వచ్చింది.

ఆవిడ ఉయ్యాల మీదికి వంగింది. చాలాసేపు ఏమీ అనలేదు. పంతులుగారు "పిలవండమ్మా, మీ మనవడే" అన్నారు. ఆవిడ ఒకసారి మావయ్య వైపు చూసి, మళ్ళీ వంగి, "కొండబాబూ" అంది.

అందరం నవ్వాం. పంతులుగారు కూడా. "అదీ పేరే, పర్లేదు" అని అక్షింతలు వేశారు.

పేరు రాయించే పని మాత్రం తేలిగ్గా అయింది. ఆసుపత్రివాళ్ళు పుట్టిన వివరం ముందే పంపేశారు, 21 రోజుల్లోగా పంపాలని 1969 నాటి చట్టం. పేరు గడి ఖాళీగా వదిలినా నష్టం లేదు. 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్చవచ్చు, ఆ తర్వాతైతే ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ దాకా. కాబట్టి పేరు కోసం హడావుడి పడాల్సిన పనే లేదు. పడాల్సింది స్పెల్లింగ్ దగ్గర. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీకీ ఊరికీ బర్త్ సర్టిఫికెట్టే రుజువు. బడి దగ్గర్నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా అదే అడుగుతారు. మా ఆయన అప్పలలో ఇంగ్లీషు పి పదో తరగతి సర్టిఫికెట్లో ఒకటి, ఆధార్‌లో రెండు. రెండు ఫారాలూ నింపింది ఆయనే, ఎవర్నీ అనడానికి లేదు. ఆ తేడా సరిచేయించుకోడానికి తిరిగిన తిరుగుడు గుర్తొచ్చి, బాబు ఫారం మీద రెండు పి లు పెద్దవిగా రాసి, ఇద్దరం చెరోసారి పైకి చదివి ఇచ్చాం. ఆడపడుచు చివర్లో ఇంకో ఐ చేరిస్తే సంఖ్య కలిసొస్తుందని మెసేజ్ పెట్టింది. చూడనట్టు ఊరుకున్నాను.

తొమ్మిదో నెల టీకాకి నేనూ, అత్తయ్యా, మా ఆయనా కలిసి వెళ్ళాం. చాలామంది ఉన్నారు, వరసలో కూర్చున్నాం. అత్తయ్య ఒళ్ళో బాబు ఆవిడ జడ పట్టుకుని లాగుతుంటే "కొండబాబూ, ఒద్దమ్మా, ఒద్దు" అంటోంది. నేనూ అలాగే అంటున్నాను. అమ్మ ఫోన్ చేసినా కొండబాబు ఎలా ఉన్నాడనే అడుగుతుంది, వాచ్‌మన్ పిల్లలకీ వాడు కొండబాబే. లోపలి నుంచి నర్సమ్మ "అప్పల నరహరి" అని పిలిచింది. ఎవరి పిల్లాడో పాపం అని అటూ ఇటూ చూశాం. మళ్ళీ పిలిచింది. మూడోసారి గట్టిగా "అప్పల నరహరి తాలూకు ఎవరండీ!" అని అరిచేసరికి మా ఆయనకి వెలిగి దిగ్గున లేచి నిలబడ్డాడు.